ఉక్కు దూలముల వంతెనలు – ఆధార ప్రతిచర్యల గణనము

రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై 1900వ సంవత్సరమున పూర్తియైన పాత రైలు వంతెన 1997 వరకు రైళ్ల భారమును వహించినది. దానికి 56 ఖానాలు. ఒక్కొక్కటి 150 అడుగులు, అనగా సుమారు 45.7 మీటర్లు. ఇట్టి వంతెనపై బండి నడచునపుడు ఉక్కు దూలములు ఆ భారమును స్తంభములకు అందజేయును. స్తంభము దూలమును తిరిగి పైకి మోయు బలమునకే ఆధార ప్రతిచర్య యని పేరు. బేరింగు, స్తంభము, పునాది – ఈ మూడింటి కొలతలును దీనినిబట్టియే నిర్ణయింపబడును.

నేడు ఈ గణనము స్టాడ్, మిడాస్ వంటి సాఫ్ట్‌వేరులచే క్షణములలో ముగియుచున్నది. అయినను కంప్యూటరు లెక్కించునది వంతెనను గాదు, ఇంజనీరు దానికి ఒసగిన నమూనాను. ఆధారమును తప్పుగా నిరూపించినచో ఫలితమును తప్పుగనే వచ్చును.

ఒక ఉదాహరణము. ముప్పదేసి మీటర్ల రెండు ఖానాలపై మీటరుకు 20 కిలోన్యూటన్ల సమభారమున్నదనుకొందము. మొత్తము 1200 కిలోన్యూటన్లు. రెండు విడి దూలములుగా లెక్కించినచో నడిమి స్తంభముపై 600, చివరలయందు 300 చొప్పున పడును. కాని రెండు ఖానాలను దాటిపోవు ఒకే దూలమైనచో నడుమ 750, చివరలయందు 225 చొప్పున వచ్చును. మొత్తము రెండింటను 1200 యే. కనుక మొత్తము సరిపోయినంతనే నమూనా సరియైనదని తలపరాదు.

ఇక ఉష్ణము సంగతి. ఉక్కు ఒక డిగ్రీ సెల్సియసునకు మీటరుకు 0.012 మిల్లీమీటరు చొప్పున వ్యాకోచించును. 45.7 మీటర్ల దూలము 40 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 22 మిల్లీమీటర్లు సాగును. అందుచేతనే ఒక చివరను బిగించి, రెండవ చివరను జరుగుటకు వీలుగా రోలరుపై నిలుపుదురు. నమూనాలో రెండు చివరలను ఏమాత్రము కదలకుండ బిగించినచో చదరపు మిల్లీమీటరుకు సుమారు 96 న్యూటన్ల ఒత్తిడియు, స్తంభములపై ప్రబలమైన అడ్డుబలమును, నిజమున లేనివి, లెక్కలో పుట్టుకొనివచ్చును. మరియొకవైపు, త్రుప్పుపట్టి బిగిసిన రోలరును కదలునదిగా చూపినచో నిజముగా నున్న బలము లెక్కకు రాదు. ఇది మరింత ప్రమాదకరము. రబ్బరు బేరింగులైనచో వాని మెత్తదనమునకు తగిన స్ప్రింగులుగా చూపవలెను.

కావున నమూనాకు పూర్వము బేరింగుల నిజస్థితిని పరిశీలించుటయు, పిదప చిన్న లెక్కను చేతితో చేసి ఫలితమును సరిచూచుటయు అవశ్యకర్తవ్యములు. స్తంభమును నిలుపునది యంత్రవేగము గాదు, ఆధారమునుగూర్చిన యథార్థజ్ఞానమే.