నీళ్లకు పదడుగుల ఎత్తులో

కారు వెనక ట్రైలర్‌కి తగిలించి సరస్సు దాకా లాక్కెళ్లగలిగిన విమానం అది. రెక్కలు వెనక్కి మడతపడతాయి కాబట్టి దాచుకోవడానికి పెద్ద హ్యాంగర్ అక్కర్లేదు. ఒడ్డుకు చేరాక రెక్కలు విప్పి బిగించి, పడవను దింపినట్టే నీళ్లలోకి దింపుతారు. అడుగుభాగం అచ్చంగా పడవే. వెనక ప్రొపెల్లర్ తిరుగుతుంటే నీళ్లను చీల్చుకుంటూ వేగం అందుకుని పైకి లేస్తుంది. మళ్లీ వాలడానికి నీళ్లే కావాలని లేదు, పొట్టలోంచి చక్రాలు దించితే మామూలు రన్‌వే మీదా దిగుతుంది. పక్క కిటికీలు తీసేసి, ముఖానికి గాలి తగులుతుండగా ఎగరొచ్చు.

దాని పేరు ఐకాన్ ఏ5. ఇద్దరే కూర్చునే ఈ ఉభయచర విమానాన్ని తయారుచేసిన సంస్థ 2006లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. స్థాపకుల్లో ఒకరైన కర్క్ హాకిన్స్ అంతకుముందు అమెరికా వైమానిక దళంలో ఎఫ్-16 యుద్ధవిమానాలు నడిపినవాడు. సంస్థ పుట్టడానికి రెండేళ్ల ముందు, 2004లో, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తెచ్చిన ఒక మార్పు ఈ ఆలోచనకు దారి వేసింది. చిన్న, తేలికపాటి విమానాలకు 'లైట్ స్పోర్ట్' అని కొత్త తరగతి పెట్టి, వాటిని నడిపేవారికి విడిగా ఒక లైసెన్సు ఇచ్చింది. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగిరిన అనుభవం కావాలి. ఈ కొత్త లైసెన్సుకు 20 గంటలు చాలు. పైలట్లకు తప్పనిసరి అయిన వైద్య ధ్రువపత్రం బదులు కారు డ్రైవింగ్ లైసెన్సు ఉన్నా సరిపోతుంది. విమానం నడపడమంటే ఏళ్ల తరబడి చదవాల్సిన చదువు అనుకునే మధ్యవయసు వ్యాపారికి, ఇంజనీరుకు, డాక్టరుకు ఒక తలుపు తెరుచుకుంది.

నీటి మీది ఎగురుడు కొత్తదేం కాదు. 1910 మార్చి 28న ఫ్రాన్స్‌లో ఆన్రీ ఫాబ్ర్ ఇంజిన్ ఉన్న విమానాన్ని మొదటిసారిగా నీళ్ల మీంచి పైకి లేపాడు. మరుసటి ఏడాదే అమెరికాలో గ్లెన్ కర్టిస్ తన సీప్లేన్‌కు చక్రాలు కూడా అమర్చి నేలకూ నీటికీ పనికొచ్చేలా చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, థండర్‌బోల్ట్ యుద్ధవిమానాలు తయారుచేసిన రిపబ్లిక్ కంపెనీ సీబీ అనే నాలుగు సీట్ల ఉభయచర విమానాన్ని మామూలు కుటుంబాల కోసం తెచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన పైలట్లంతా సొంత విమానం కొనుక్కుంటారని ఆశ. వెయ్యికి పైగా తయారయ్యాయి, 1947లోనే ఉత్పత్తి ఆగిపోయింది. ఆ ఆశ మాత్రం చావలేదు, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దాన్ని మళ్లీ తలకెత్తుకున్నారు.

ఎందుకంటే ఈ ఆనందం వేరే విమానంలో దొరకదు. మూడు వేల మీటర్ల ఎత్తున ఎగిరే విమానంలోంచి చూస్తే భూమి కదలనట్టే ఉంటుంది. నీటికి పది ఇరవై అడుగుల ఎత్తులో, గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒడ్డున చెట్లు, కొండ అంచులు, కొంగలు అన్నీ మీదికి దూసుకొచ్చి పక్కకు తప్పుకుంటాయి. ఏ5 గరిష్ఠ వేగం గంటకు సుమారు 175 కిలోమీటర్లు, ఇంజిన్ నూరు గుర్రాల శక్తిది. ఊరి నుంచి ఊరికి పోవడానికి చూస్తే ఇది గొప్ప విమానం కాదు, అందుకోసం చేసిందీ కాదు. నీటిని ఆనుకుని ఎగరడానికే చేశారు. చట్టం కూడా అడ్డుచెప్పదు. అమెరికా నిబంధనల ప్రకారం జనం లేని నీటి మీద ఇంత ఎత్తుకు తగ్గకూడదన్న హద్దు లేదు. మనుషులకు, పడవలకు, కట్టడాలకు 500 అడుగుల దూరం పాటిస్తే చాలు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ విమానంలో మనిషి కోరుకునే సుఖం ఏ ఎత్తులో ఉందో, మరణం కూడా ఆ ఎత్తులోనే ఉంది.

పైలట్‌కి ఎత్తు అంటే చేతిలో ఉన్న సమయం. మూడు వేల అడుగుల మీద ఇంజిన్ ఆగిపోతే ఆలోచించుకుని, దిగే చోటు వెతుక్కోవడానికి కొన్ని నిమిషాలుంటాయి. యాభై అడుగుల మీద క్షణాలే. మలుపులోనూ అంతే. విమానాన్ని 60 డిగ్రీలు వంచి, ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్కలు దాని బరువుకు రెట్టింపు మొయ్యాలి, గాల్లో నిలవడానికి కావాల్సిన కనీస వేగం దాదాపు 1.4 రెట్లవుతుంది. ఆ వేగం లేకపోతే రెక్కలు పట్టు వదిలేస్తాయి. పైన ఎక్కడో అయితే ముక్కు దించి మళ్లీ వేగం అందుకోవచ్చు. నీటి మీద ముక్కు దించడానికి చోటేదీ?

ఏ5 ఇంజనీర్లకు ఇదంతా తెలుసు. రెక్కలు పట్టు వదిలినా విమానం గిరగిరా తిరుగుతూ పడిపోకుండా ప్రత్యేకంగా మలిచారు. అందుకోసం పెరిగిన బరువును కూడా 2013లో ఎఫ్ఏఏ మినహాయింపుగా అనుమతించింది. రెక్కలు గాలిని ఎంత కోణంలో కోస్తున్నాయో చూపే మీటర్‌ను పైలట్ కళ్ల ముందే పెట్టారు. విమానం మొత్తాన్నీ కిందికి దించే పారాచూట్ కూడా అమర్చారు. ఇవన్నీ నిజమైన రక్షణలే, మెచ్చుకోవాల్సిన పనితనమే. కానీ పారాచూట్ విచ్చుకోవడానికి కొన్ని వందల అడుగులు కావాలి.

2017 మే 8న కాలిఫోర్నియాలోని బెరియెస్సా సరస్సు మీద ఒక ఏ5 కూలిపోయింది. నడుపుతున్నది కొత్తవాడు కాదు. సంస్థ ప్రధాన ఇంజనీర్లలో ఒకడు, టెస్ట్ పైలట్ జాన్ కార్కో. పక్కన సంస్థలో కొత్తగా చేరిన ఉద్యోగి. ఇద్దరూ చనిపోయారు. బెరియెస్సా ఒక ఆనకట్ట వెనక నిలిచిన నీరు. శ్రీశైలం జలాశయం నల్లమల కొండల సందుల్లోకి పాయలుగా చొచ్చుకుపోయినట్టే అదీ కొండల మధ్యకు చీలి ఉంటుంది. విశాలమైన నీటిలోకి తెరుచుకునే పాయ అనుకుని, ముందు దారి మూసుకుపోయి చుట్టూ నిటారు కొండలున్న పాయలోకి ఆయన తిరిగి ఉంటాడని జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు తేల్చింది. విమానంలో లోపమేదీ కనిపించలేదు. కొండ దాటేంత ఎత్తుకు ఎగబాకడానికీ, వెనక్కి తిరగడానికీ చోటు లేకపోయింది.

ఆరు నెలలు తిరక్కుండానే, నవంబర్ 7న, ఫ్లోరిడా తీరంలో మరొకటి. ఈసారి పోయింది బేస్‌బాల్ ప్రపంచం దేవుడిలా చూసిన రాయ్ హాలడే. ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డును రెండుసార్లు అందుకున్నవాడు, వయసు నలభై. పైలట్‌గా 700 గంటలకు పైగా అనుభవం ఉన్నవాడు. చివరి ప్రయాణంలో ఒక దశలో నీటికి 11 అడుగుల ఎత్తులోనే విమానం పోయినట్టు రికార్డుల్లో తేలింది. నిటారుగా లేపడం, చటుక్కున తిప్పడం, మళ్లీ కిందికి దూకించడం, ఇలా సాగి చివరికి నీళ్లలో పడింది. శరీరంలో ఉన్న పలురకాల మందుల ప్రభావం వల్లే ఆయన అలాంటి విన్యాసాలకు దిగాడని 2020లో తుది నివేదిక చెప్పింది. ఒకరు ఆ విమానాన్ని పుట్టించినవాళ్లలో ఒకడు, ఇంకొకరు దాన్ని మనసారా ప్రేమించినవాడు. అనుభవం ఉంటే చాలనుకునేవారు ఈ రెండు మరణాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

నీటి మీద దిగడంలో ఉన్న ప్రమాదాలు వేరే. గాలి కదలని ఉదయం సరస్సు అద్దంలా ఉంటే కంటికి ఎంతో హాయి, పైలట్‌కి మాత్రం నీళ్లు ఎక్కడున్నాయో అంతుపట్టదు. ఇంకా ముప్పై అడుగులుందనుకుంటూనే నీటిని ఢీకొట్టొచ్చు. అందుకే అలాంటప్పుడు కంటిని నమ్మొద్దని, ఒడ్డు దగ్గర నుంచి ఎత్తు అంచనా వేసుకుని, ముక్కు కాస్త పైకెత్తి, విమానాన్ని మెల్లగా ఒకే తీరున దించుతూ పోవాలని నేర్పుతారు.

ఉభయచర విమానాలకే ఉన్న మరో శాపం చక్రాలు. చక్రాలు దించిన సంగతి మర్చిపోయి నీటి మీద వాలితే అవి నీళ్లలో కూరుకుని విమానం ముందుకు బోర్లాపడుతుంది. తలకిందులుగా, నీళ్లు నిండుతున్న కాక్‌పిట్‌లో, బెల్టు విప్పుకుని తలుపు వెతుక్కోవాలి. లైఫ్ జాకెట్‌లో గాలి లోపలే నింపుకుంటే అది మనిషిని పైకప్పుకు అదిమేసి బయటకు రానివ్వదు. బయటపడ్డాకే నింపాలి. అమెరికా గాయకుడు జిమ్మీ బఫెట్ 1994లో నాంటకెట్ దగ్గర తన గ్రమ్మన్ విడ్జన్ నీటి మీంచి లేస్తూ బోల్తాపడినప్పుడు ఈదుకుంటూ బయటపడ్డాడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. 'ఇది నీటి మీద దిగడం, చక్రాలు పైనే ఉన్నాయి' అని దిగేముందు పైకి గట్టిగా అనుకోవడం నేర్పే గురువు విలువ అప్పుడు తెలుస్తుంది.

సంస్థ కథ ఆ తర్వాత కష్టాల్లోనే నడిచింది. మొదట్లో లక్షా 39 వేల డాలర్లని చెప్పిన ధర 2017 నాటికి అన్ని హంగులతో 3 లక్షల 89 వేలకు చేరింది. వెయ్యికి పైగా అడ్వాన్సులు వచ్చినా చేతికందించినవి రెండు వందల దాకానే. 2024 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరింది, ఆపై ఆస్తులు వేరే చేతికి వెళ్లాయి.

అదే ఏడాది నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సీప్లేన్‌లో శ్రీశైలం వెళ్లారు. ఆ రోజు కృష్ణలో వాలింది రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు ఉండే ట్విన్ ఆటర్, ప్రయాణికుల కోసం చేసిన విమానం. సొంతంగా నడుపుకునే సరదా విమానాలు మన జలాశయాల మీదికి వచ్చే రోజుంటే అడగాల్సిన ప్రశ్నలు వేరుగా ఉంటాయి. వానాకాలంలో లోతుగా ఉన్న చోట ఎండాకాలంలో ఏ బండ, ఏ మోడు నీటి కిందే పొంచి ఉంటుందో ఎవరు గుర్తుపెట్టి చెబుతారు? తెల్లవారకముందే పుట్టీల్లో వలలు వేసే జాలరులకు 500 అడుగుల దూరం ఎవరు చూస్తారు? నల్లమల పాయల్లో ఏది తెరుచుకుంటుందో, ఏది కొండకు తగిలి ఆగుతుందో పైలట్ ముందుగా ఎత్తు మీంచి చూసుకుని రావాలనే నియమం రాస్తారా? ఇరవై గంటల శిక్షణలో వీటికి ఎన్ని గంటలు కేటాయిస్తారో కూడా అప్పుడే తేల్చాల్సి ఉంటుంది.