గరిక పేరున్న తీరం: అరుగం బేలో ఆరు రోజులు

విహారయాత్ర అనగానే మన టౌన్‌షిప్ కుటుంబాలకు తోచేవి రెండే: పుణ్యక్షేత్రం, లేకపోతే కొండ ప్రాంతం. సముద్రతీరానికి వెళ్ళినా సాయంత్రం ఒక గంట కూర్చుని, పాదాలు తడుపుకుని, ముంత మసాలా తిని ఇంటికి వచ్చేస్తాము. సముద్రం పక్కనే నాలుగు రోజులు నివసించి దాని దినచర్యను గమనించే అవకాశం మనలో చాలా కొద్దిమందికే లభిస్తుంది. అటువంటి అవకాశాన్ని తక్కువ ఖర్చుతో కల్పించే ఊరు శ్రీలంక ఆగ్నేయ తీరాన ఉన్న అరుగం బే. గత ఆగస్టులో నేను, నా శ్రీమతి, మా అమ్మాయి అక్కడి ఒక చిన్న హోటలులో ఆరు రోజులు గడిపాము. మన ఎల్.టి.సి. దేశ సరిహద్దు దాటదు కనుక ఖర్చు సొంతమే. ప్రావిడెంట్ ఫండు మీద చెయ్యి వేయవలసినంత ఖర్చు మాత్రం కాలేదు.

ఊరు, హోటలు

కొలంబో నుండి అరుగం బే సుమారు 320 కిలోమీటర్లు. రోడ్డు మీద ఒక పగలంతా పడుతుంది. అంపారా జిల్లాలోని పొత్తువిల్ పట్టణం దాటి, ఉప్పుకయ్య మీది వంతెన ఎక్కగానే ఊరు మొదలవుతుంది. తమిళంలో ‘అరుగు’ అంటే గరిక. గణపతి పూజకు మనం కోసుకునే ఆ గరిక పేరే ఈ తీరానికి వచ్చింది. నివాసులలో తమిళం మాట్లాడే ముస్లిములు ఎక్కువ. తమిళులు, సింహళీయులు కూడా ఉన్నారు. చెన్నైలో ఉద్యోగం చేసిన రోజులలో అబ్బిన తమిళం నాకు ఇక్కడ అక్కరకు వచ్చింది.

మా హోటలుకు తొమ్మిది గదులు. మేడ లేదు. కొబ్బరి చెట్ల నీడలో, ఇసుక ముంగిలి చుట్టూ గదులను వరుసగా కట్టారు. గదిలో పంకా, దోమతెర, ఒక బల్ల మాత్రమే ఉన్నాయి, టెలివిజను లేదు. గుమ్మం పక్కన కాళ్ళకంటిన ఇసుక కడుక్కోవడానికి ఒక కొళాయి. వంట యజమాని భార్యది, లెక్కలు పెద్ద కుమారునివి. ఉదయం ఆప్పాలు, కొబ్బరి సంబలు, పలుచని పప్పు కూర. మధ్యాహ్నం అన్నం, నాలుగు రకాల కూరలు. రాత్రి గేదె పెరుగు మీద జీలుగు బెల్లపు పాకం. పాలు లేని తేనీరు ఎప్పుడు అడిగినా ఇచ్చేవారు. రెండవ రోజుకే నా శ్రీమతి ఆ ఇల్లాలిని ‘అక్కా’ అని పిలుస్తూ వంటింట్లో కొబ్బరి తురుముతూ కనిపించింది.

అల ఎక్కడ తయారవుతుంది

ప్రపంచం నలుమూలల నుండి యువతీయువకులు ఈ ఊరికి రావడానికి కారణం ఒక్కటే. బల్ల మీద నిలబడి అలపై సాగిపోయే సర్ఫింగ్ క్రీడకు ఇక్కడి అల ఎంతో అనువైనది. ఆ అల పుట్టిన చోటు తీరానికి ఎంత దూరమో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన, 40 డిగ్రీల అక్షాంశానికి ఆవల, హిందూ మహాసముద్రంలో వీచే తుఫాను గాలులు నీటికి శక్తినిస్తాయి. 14 సెకన్ల వ్యవధి గల అలల సమూహం లోతైన నీటిలో గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. 5 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడికి చేరడానికి దానికి అయిదారు రోజులు పడుతుంది. మేము కొలంబోలో విమానం దిగిన నాటికి, మా ఆరవ రోజు అల ఇంకా దారిలోనే ఉన్నదన్నమాట.

తీరానికి వచ్చిన అల ఊరికి దక్షిణాన ఉన్న భూమికొసను ఒరుసుకుంటుంది. లోతు తక్కువైన వైపు అల వేగం తగ్గుతుంది, లోతుగా ఉన్న వైపు తగ్గదు. అందువల్ల అల వంగి, కొస చుట్టూ తిరిగి ఖాతంలోకి మళ్ళుతుంది. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు 1.3 రెట్లకు తగ్గినచోట అల విరుగుతుంది. ఇక్కడి అల ఒక్కసారిగా కూలిపోదు. తాటాకు చుట్ట విచ్చుకున్నట్లు ఒక చివర నుండి మరొక చివరకు క్రమంగా విరుగుతూ వస్తుంది. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలి నేల వైపు నుండి సముద్రం వైపు వీచి అల ముఖాన్ని నునుపుగా ఉంచుతుంది.

ఖాతం లోపలి భాగంలో అల శాంతించి చిన్నదవుతుంది. మా అమ్మాయి అక్కడే పాఠాలు నేర్చుకున్నది. మూడవ రోజు నాలుగు క్షణాలపాటు నిలబడగలిగింది. నాలుగు నెలల ప్రాజెక్టు పూర్తి చేసిన నాడు కూడా ఆ ముఖంలో అంతటి వెలుగు నేను చూడలేదు. ఈ ఊరి స్త్రీలు 2018లో సొంతంగా ఒక మహిళా సర్ఫింగ్ క్లబ్బు స్థాపించుకున్నారు. ఆ దేశంలో అటువంటి క్లబ్బు అదే మొదటిది.

ఆరు నెలల లోడు

మన విద్యుత్ మిత్రులకు సులభంగా అర్థమయ్యే మాట ఒకటి చెబుతాను: ఈ ఊరి లోడ్ ఫ్యాక్టరు చాలా తక్కువ. అక్టోబరు దాటి ఈశాన్య రుతుపవనం మొదలైతే గాలి ఎదురు తిరుగుతుంది, వర్షాలు పడతాయి, అతిథులు వెళ్ళిపోతారు. ఆరు నెలల ఆదాయంతో పన్నెండు నెలలు గడపాలి. ఆ ఆరు నెలలకైనా హామీ లేదు. 2009 వరకు అంతర్యుద్ధం, 2019 ఏప్రిల్‌లో ఈస్టరు నాటి బాంబు దాడులు, 2020లో కోవిడ్, 2022లో ఇంధనం, విద్యుత్తు కరువైన ఆర్థిక సంక్షోభం, 2024 అక్టోబరులో ఈ ఊరి పేరుతోనే వెలువడిన భద్రతా హెచ్చరిక. ప్రతిసారీ ముందుగా ఖాళీ అయినవి ఇటువంటి తొమ్మిది గదులే.

వీటన్నిటికంటె పెద్ద దెబ్బ 2004 డిసెంబరు 26 నాటి సునామీ. శ్రీలంకలో 30 వేల మందికి పైగా మరణించారు. అరుగం బే తీరం తుడిచిపెట్టుకుపోయింది. అనంతరం ప్రభుత్వం తూర్పు తీరంలో 200 మీటర్ల మేర నిర్మాణ నిషిద్ధ మండలం ప్రకటించింది. హోటళ్ళకు చూపిన వెసులుబాటు జాలరుల ఇళ్ళకు లేదన్న విమర్శలు వచ్చాయి. క్రమంగా ఆ నిబంధనను సడలించారు. “మా తండ్రిగారు కట్టిన అయిదు గదులలో ఒక్క బావి గట్టు మిగిలింది, అయ్యా. ఆ నీరు కూడా ఉప్పైపోయింది. చాలాకాలం తోడి పోయగా పోయగా తిరిగి తియ్యబడింది” అన్నారు మా యజమాని. ఇప్పటికీ హోటలుకు ఆధారం ఆ బావే.

బావి చెప్పిన లెక్క

అయిదవ రాత్రి భోజనాల తరువాత పెద్ద కుమారుడు ఒక నక్షా తెచ్చి నా ముందు పరిచాడు. పాత గదులు తీసివేసి మూడు అంతస్తులు, ఇరవై నాలుగు గదులు, ప్రతి గదికి ఎయిర్ కండిషనరు, ఒక లోతైన బోరు. తండ్రికి ఇష్టం లేదు. కారణం మాత్రం చెప్పలేకపోతున్నాడు. “ఇంజినీరు గారూ, పునాది నిలుస్తుందా?” అని ఆ యువకుడు అడిగాడు.

పునాది నిలిపే మార్గాలున్నాయని, తాను ఆలోచించవలసినది నీటిని గురించి అని చెప్పాను. ఇసుక తీరాలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున ఉంటే, దిగువన సుమారు 40 అడుగుల మంచినీటి పొర ఉంటుంది. అతిగా తోడి ఆ అడుగును పోగొట్టుకుంటే కాలక్రమంలో ఉప్పునీరు ఆ 40 అడుగులూ పైకి వస్తుంది. లోతైన బోరు ఉప్పును మరింత త్వరగా పిలుస్తుంది. తండ్రి చాలాసేపు మౌనంగా ఉండి, “సునామీ ఒక్క పూటలో చేసినది మనమే మెల్లగా చేసుకుంటామన్నమాట” అన్నాడు. చివరకు ఒక సీజను పాటు నెలనెలా బావి మట్టం, నీటి ఉప్పదనం కొలిచి, ఆ తరువాత గదుల సంఖ్య నిర్ణయించుకుందామని తండ్రీ కొడుకులు ఒప్పుకున్నారు.

నీటికి వర్తించే సూత్రమే ఇసుకకూ వర్తిస్తుంది. ఇదే జిల్లాలో, ఉత్తరాన యాభై అరవై కిలోమీటర్ల దూరంలోని ఒలువిల్ వద్ద 2013లో ఒక నౌకాశ్రయం ప్రారంభమయింది. తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుకకు బ్రేక్‌వాటర్లు అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేటవేసి రేవు ముఖద్వారం పూడింది. ఉత్తరాన తీరభూములను సముద్రం కోసివేసింది. ఈ సమస్య మనకూ కొత్త కాదు. విశాఖపట్నం బయటి హార్బరు నిర్మాణం తరువాత ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్.కె. బీచి వైపు పోయవలసి వస్తున్నది. రేవులు అవసరమే. అయితే ప్రకృతి ఉచితంగా చేస్తున్న పనిని మనం ఆపితే, దానిని ఏటేటా డబ్బు పెట్టి మనమే చేయవలసి ఉంటుంది. అరుగం బేలో భూమికొస, దాని చుట్టూ ఉన్న ఇసుక, రాయి కలిసి అలను మలచే యంత్రం. ఊరి జీవనాధారమైన ఆ యంత్రానికి విడిభాగాలు ఏ గిడ్డంగిలోనూ దొరకవు.

వెళ్ళదలచిన వారికి

మే–సెప్టెంబరు నెలలు అనుకూలం. విదేశ ప్రయాణానికి కార్యాలయ అనుమతి కోసం ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు సరిచూసుకోవాలి. ఈత రానివారు ఖాతం లోపలి భాగం దాటి వెళ్ళరాదు. సర్ఫింగ్ పట్ల ఆసక్తి లేని పెద్దలకు లహుగల అడవిలో ఏనుగులు, దక్షిణాన కుమన పక్షుల అభయారణ్యం, దారిలో ఒకండ వద్ద మురుగన్ ఆలయం ఉన్నాయి. జాఫ్నా నుండి కతరగామకు కాలినడకన వెళ్ళే భక్తులు ఆగే గుడి అది.

మరొక చిన్న మనవి. ఆ ఊళ్ళో బస చేసేటప్పుడు బకెట్టు నీటితో స్నానం ముగించండి. వేల కిలోమీటర్లు నడిచి వచ్చే అలను మనం ఎంత వాడుకున్నా తరగదు. ఆ బావిలోని నీరు మాత్రం వాడినకొద్దీ తరుగుతుంది.