ప్యానెల్‌ను మూసింది ఎవరు?

పాలిటెక్నిక్ సివిల్ ల్యాబ్‌లో ఆటోకాడ్ ముందు కూర్చున్న ఎవరికైనా ఇది అనుభవమే: గీయడానికి మిగిలిన చోటు కంటే పనిముట్లు ఆక్రమించిన చోటే ఎక్కువ. పైన రిబ్బన్, కింద కమాండ్ లైన్, ఒక పక్క ప్రాపర్టీస్, ఇంకో పక్క టూల్ ప్యాలెట్లు. ఇవి చాలవన్నట్టు ఆఫీసువాళ్లు తమ అవసరానికి రాయించుకున్న ప్లగిన్ తన ప్యానెల్‌ను కూడా తెచ్చి తెర మీద పెడుతుంది. కాలమ్ షెడ్యూలు కోసం ఒకటి, లేయర్ల పేర్లు సరిచూడ్డానికి మరొకటి. ఆ ప్యానెల్ ఎప్పుడు కనపడాలి, ఎప్పుడు తప్పుకోవాలి? కనపడటం, కనపడకపోవడం... ఉన్నవి రెండే స్థితులు కదా, ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. ప్లగిన్లు రాసేవాళ్లు తల పట్టుకునేది సరిగ్గా ఇక్కడే.

మొదట్లో ఈ బెడద లేదు. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ నడిచిన తెర ఏడంగుళాల చదరం. ఆదేశాలిచ్చే బటన్లు తెర బయట, చేతికందే చోట ఉండేవి. 1982 చివర్లో ఆటోకాడ్ వచ్చాక కూడా చాలాకాలం డ్రాఫ్టింగ్ ఆఫీసుల్లో టేబుల్ మీద డిజిటైజర్ టాబ్లెట్ పెట్టి, దాని మీద అచ్చువేసిన మెనూ షీటు పరచి, కావలసిన గడిని నొక్కి పని నడిపించేవారు. ఆ తర్వాత పనిముట్లు ఒక్కొక్కటే తెర మీదికి ఎక్కాయి. టూల్ ప్యాలెట్లు 2004 వెర్షన్‌తో, రిబ్బన్ 2009 వెర్షన్‌తో వచ్చాయి.

ఇప్పుడు ప్లగిన్ సంగతి. ఆటోకాడ్‌కు డాట్ నెట్‌లో ప్లగిన్ రాసేవారికి ప్యానెల్ కావాలంటే ప్యాలెట్‌సెట్ అనే వస్తువు సిద్ధంగా ఉంటుంది. దానికి విజిబుల్ అనే గుణం ఉంది. దాన్ని ‘అవును’ చేస్తే ప్యానెల్ వస్తుంది, ‘కాదు’ చేస్తే పోతుంది. వాడేవాడు మూలనున్న గుణకారపు గుర్తు నొక్కి మూసినా జరిగేది అదే. ప్యానెల్ నాశనం కాదు, కనుమరుగవుతుందంతే. ఈ చిన్న సంగతి తెలియక కొత్తవాళ్లు కమాండ్ కొట్టిన ప్రతిసారీ కొత్త ప్యానెల్ పుట్టేలా కోడ్ రాస్తారు. పాతది ఎక్కడో దాక్కుని ఉంటుంది, దాని పక్కన ఇంకోటి పుడుతుంది. ప్యానెల్‌ను ఒక్కసారే సృష్టించి, స్టాటిక్ వేరియబుల్‌లో పట్టి ఉంచుకుని, ఆపై విజిబుల్‌ను మాత్రమే మార్చాలి.

ప్యానెల్ పుట్టేటప్పుడే దానికి ఒక గుర్తింపు సంఖ్య కూడా ఇవ్వాలి. జీయూఐడీ (GUID) అని పిలిచే ఈ సంఖ్య 128 బిట్లది. దాని ఆధారంగానే ఆటోకాడ్ ఆ ప్యానెల్ ఎక్కడుంది, ఎంత వెడల్పుంది, ఏ పక్కకు అతుక్కుని ఉంది అన్నవి ప్రొఫైల్‌లో దాచుకుని మర్నాడు మళ్లీ అక్కడే పెడుతుంది. ప్రోగ్రాం నడిచిన ప్రతిసారీ కొత్త సంఖ్య పుట్టిస్తే ఆటోకాడ్ దృష్టిలో అది రోజుకో కొత్త ప్యానెల్. నిన్న కుడివైపు సర్దుకున్నది ఇవాళ తెర మధ్యలో ప్రత్యక్షమవుతుంది.

అసలు చిక్కు డ్రాయింగ్ మూసినప్పుడు మొదలవుతుంది. ప్యానెల్ మొత్తం ఆటోకాడ్‌కు చెందింది, ఏ ఒక్క డ్రాయింగ్‌కూ కాదు. చివరి డ్రాయింగ్ మూసేసినా అది తెర మీద అలాగే నిలబడి ఉంటుంది. అప్పుడు అందులోని ‘షెడ్యూలు వేయి’ బటన్ నొక్కారనుకోండి. ప్లగిన్ ‘ప్రస్తుత డ్రాయింగ్ ఏది?’ అని అడుగుతుంది, ఏదీ లేదన్న జవాబు వస్తుంది. ఆ జవాబుకు సిద్ధంగా లేని కోడ్ అక్కడే కూలబడుతుంది. అందుకని చాలామంది చివరి డ్రాయింగ్ మూయగానే ప్యానెల్‌ను దాచేసి, కొత్త డ్రాయింగ్ తెరవగానే మళ్లీ చూపిస్తారు. బాగానే ఉంది. కానీ వాడేవాడు పొద్దున్నే దాన్ని స్వయంగా మూసేసి ఉంటే? కొత్త డ్రాయింగ్ తెరిచిన ప్రతిసారీ, వద్దన్న ప్యానెల్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పోనీ స్టేట్ ఛేంజ్డ్ అనే ఈవెంట్‌ను చూసి, ప్యానెల్ మూతపడ్డప్పుడల్లా ‘ఇతనికి ఇది వద్దు’ అని రాసుకుందామంటే, ప్లగిన్ తానే దాచినప్పుడు కూడా ఆ ఈవెంటే వస్తుంది. అంటే తను చేసిన పనిని వాడేవాడి ఇష్టంగా పొరబడుతుంది.

నా దృష్టిలో విజిబుల్ అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు ప్రశ్నలకు కలిపి వచ్చే జవాబు. వాడేవాడికి ఇది కావాలా? ఇప్పుడు చూపించే పరిస్థితి ఉందా? రెంటినీ వేర్వేరు వేరియబుల్స్‌లో రాసుకుని, రెండూ ‘అవును’ అయితేనే ప్యానెల్ చూపాలి. ప్లగిన్ తాను దాచే ముందు ‘ఇది నా పనే’ అని ఒక జెండా ఎత్తి పెట్టుకుంటే, వెనకాలే వచ్చే ఈవెంట్‌ను ఇష్టాయిష్టాల లెక్కలో వేయకుండా వదిలేయొచ్చు. కోడ్‌లో నాలుగైదు వరుసల పని. ఆటోకాడ్ తన సొంత ప్యానెళ్ల విషయంలో ఈ మర్యాద పాటిస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కితే తెరిచి ఉన్న ప్యాలెట్లన్నీ పోతాయి. మళ్లీ నొక్కితే అంతకుముందు తెరిచి ఉన్నవే తిరిగొస్తాయి, మూసినవి రావు.

విజిబుల్ ‘అవును’ అని ఉన్నా కంటికి కనపడని సందర్భాలూ ఉన్నాయి. ఆఫీసులో రెండో మానిటర్ మీద ప్యానెల్ పెట్టుకున్న మనిషి సాయంత్రం ల్యాప్‌టాప్ ఒక్కటే ఇంటికి తీసుకెళ్తాడు. ప్యానెల్ మాత్రం ఇప్పుడు లేని ఆ రెండో తెర మీదే తెరుచుకుని ఉంటుంది. ప్లగిన్ పాడైందని అతను ఫోన్ చేస్తాడు. చూపించే ముందు దాని స్థానం ఇప్పుడున్న తెరల హద్దుల్లో ఉందో లేదో సరిచూస్తే ఈ ఫోన్లు తగ్గుతాయి.

దీనికి తిరగేసిన జబ్బు ఇంకోటి. వస్తువులను ఎంచుకున్నప్పుడల్లా వాటి పొడవులు, వైశాల్యాలు లెక్కగట్టే ప్యానెల్ దాగి ఉన్నా ఆ లెక్కలు ఆపదు. షట్టర్ దించిన కొట్లో గుమాస్తా తూకాలు వేస్తూనే ఉన్నట్టన్నమాట. పెద్ద లేఅవుట్‌లో డ్రాయింగ్ మందగిస్తుంది, కారణం మాత్రం ఎక్కడా కనపడదు. దాగగానే వస్తువుల ఎంపికను తెలిపే ఈవెంట్లను వినడం మానేయాలి, కనపడగానే మళ్లీ మొదలుపెట్టి ఒకసారి అన్నీ తాజాపరచాలి.

ఆ సమయానికి పనికిరాని బటన్‌ను పూర్తిగా మాయం చేయాలా, బూడిదరంగులో ఉంచాలా అన్నది మరో వాదన. ఆటోకాడ్ తయారుచేసే ఆటోడెస్క్‌దే అయిన రెవిట్‌లో రెండూ కుదురుతాయి. రిబ్బన్ ప్యానెల్‌ను దాచవచ్చు, సందర్భం లేని కమాండ్‌ను బూడిదరంగులో నిలిపి ఉంచనూవచ్చు. నా ఓటు బూడిదరంగుకే. డ్రాఫ్టింగ్ చేసేవాళ్ల చెయ్యి చోటును గుర్తుపెట్టుకుంటుంది, కన్ను తర్వాత వెళ్తుంది. బటన్లు వస్తూ పోతూ ఉంటే ఆ అలవాటు చెడుతుంది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000లో అరుదుగా వాడే మెనూ అంశాలను దాచిపెట్టారు. దాగినవి వెతుక్కోలేక జనం విసుక్కున్నారు. మొత్తం ప్యానెల్‌ను దాచడం వేరు, అది తెరలో చోటు ఖాళీ చేస్తుంది. ఒక్క బటన్‌ను దాస్తే మిగిలేది అయోమయమే.

ప్రయత్నించాలనుకునే విద్యార్థులకు రెండు మాటలు. ఆటోకాడ్ ఎల్‌టీలో డాట్ నెట్ ప్లగిన్లు నడవవు, పూర్తి ఆటోకాడ్ కావాలి. అర్హులైన విద్యార్థులకు ఆటోడెస్క్ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. ఇక 2025 వెర్షన్ నుంచి ఆటోకాడ్ డాట్ నెట్ 8కు మారింది కాబట్టి, అంతకుముందు డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8కు రాసిన ప్లగిన్‌ను అందులో వాడేముందు కొత్తగా కంపైల్ చేసుకోండి.