వైద్యవిద్యార్థులు - మన కర్తవ్యము

ఇంటిలో నెవరికైన జ్వరమో ఆయాసమో వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, తెల్లకోటులు ధరించిన పిల్లలు నలుగురైదుగురు మంచముచుట్టు చేరి, అడిగిన ప్రశ్నలనే మరల మరల నడుగుచుందురు. "వీరికి మేము పలకలమా?" యని మనలో పెక్కండ్రు విసుగుకొందురు. ఆ ప్రశ్నల ప్రయోజనమును కొంచెము విన్నవించుచున్నాము.

మన తల్లుల కాలమున బుగ్గారమువారికి ప్రభుత్వ వైద్యకళాశాల యనగా వరంగల్లో హైదరాబాదో. 2022వ సంవత్సరమున జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొన్నవి. విద్యార్థులు నాలుగున్నర యేండ్లు చదివి, ఒక యేడు హౌస్‌సర్జనులుగా పనిచేయుదురు. కత్తితో పనిలేక మందులతో కుదుర్చు జ్వరములు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండముల వ్యాధులయందు ప్రావీణ్యము కోరువారు జనరల్ మెడిసినులో మరి మూడేండ్లు ఎం.డి. చదువవలయును. 2021లో చేరినవారు మొదలుకొని అందు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయుట విధి.

వీరికి వ్రాతపరీక్ష యొక్కటియే చాలదు. పరీక్షనాడు ఒక రోగిని చూపుదురు. రోగము పేరు చెప్పరు. విద్యార్థి రోగి కథ విని, నాడి చూచి, రొమ్ము తట్టి, స్టెతస్కోపుతో విని, తన నిర్ణయమును పరీక్షకుల యెదుట నిలుపవలయును. "ఎందుచేత?" నని వారు తరచి తరచి యడుగుదురు.

బీడీలు చుట్టు సోదరి దగ్గుతో వచ్చినదనుకొనుడు. దగ్గు ఎన్నాళ్లనుండి? సాయంకాలము జ్వరము తగులునా? ఒళ్లు తగ్గినదా? ఇంట నెవరికైన క్షయ యుండెనా? పొగాకు దుమ్ములో నెంతసేపు కూర్చుందురు? కట్టెలపొయ్యియా? ఇవి యడుగనివాడు క్షయను ఉబ్బసమని భ్రమింపవచ్చును. నేడు ఆ తప్పును గురువు మంచముకడనే దిద్దును. రేపు ఒంటరిగా నున్నప్పుడు చేసినచో నొక సంసారము కూలును.

కావున మేము మనవి చేయునది: సిగ్గుపడి దాచక, మగవారిచే చెప్పింపక, మన బాధను మనమే చెప్పుదము. పాత చీటీలు, వాడిన మందులు వెంట గొనిపోవుదము. పరీక్షించువేళ తోడుగా నొక స్త్రీ యుండవలెనని కోరుట మన హక్కు. అలసినచో విద్యార్థులను వలదనుటయు మన హక్కే. అందువలన చికిత్స మానరాదు.

2022 నుండి విద్యార్థులు గ్రామములలో కొన్ని కుటుంబములను దత్తు గొని, వారి యారోగ్యమును కనిపెట్టుచుండవలెనను నియమము వచ్చినది. అట్టి పిల్ల మన గడప త్రొక్కినప్పుడు పీట వేసి కూర్చుండబెట్టుదము. రేపు మన బిడ్డల నాడి పట్టు చేయి నేడు మన నాడిమీదనే నేర్చుచున్నది.