కథకు ఊ కొట్టేదెవరు?

అమ్మమ్మ పక్కన పడుకుని కథలు విన్నవాళ్లకు ఒక షరతు గుర్తుండే ఉంటుంది. ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే "నిద్రపోయావా?" అని అడిగేది. జవాబు రాకపోతే కథ అక్కడికి ఆపేసేది. మన సంఘం శనివారాల్లో నడిపే ఆన్‌లైన్ పురాణ కథల తరగతిలో మేము మొదట పోగొట్టుకున్నది ఆ "ఊ"నే. దాన్ని మళ్లీ ఎలా తెచ్చుకున్నామో సభ్య కుటుంబాలతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

2020 ఏప్రిల్, మే నెలల్లో సర్క్యూట్ బ్రేకర్ సమయంలో ఈ తరగతిని తెర మీదికి మార్చాం. ఆంక్షలు పోయాక కూడా అలాగే కొనసాగించాం. పుంగోల్ నుంచి ఒకరు, జురాంగ్ నుంచి ఒకరు, వుడ్‌లాండ్స్ నుంచి ఒకరు గంట తరగతి కోసం రెండు గంటలు ప్రయాణం చేయడం కష్టం కదా! పైగా ఇక్కడి బడుల్లో తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ మాతృభాషలుగా తీసుకోవచ్చు గానీ తెలుగుకు ఆ వీలు లేదు. మన పిల్లలు చాలామంది హిందీయో తమిళమో చదువుతారు. ఇంటి బయట తెలుగులో కథ వినే అవకాశం కొందరికి వారానికి ఈ ఒక్క గంటే.

ఆ గంటను మొదట్లో మేమే పాడు చేశాం. గోల వద్దని అందరి మైకులూ మ్యూట్ చేసి, తెర మీద బొమ్మలు చూపిస్తూ నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పేవాళ్లం. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటే శ్రద్ధగా వింటున్నారనుకున్నాం. ఒక్కొక్క కెమెరా ఆరిపోతుంటే ఇంటర్నెట్ బాగాలేదేమో అనుకున్నాం.

ఒక శనివారం ద్యూతసభ కథ నడుస్తోంది. పదకొండేళ్ల పాప చెయ్యి ఎత్తి, "ఆంటీ, భీష్ముడు అంత పెద్దవాడు కదా, ఎందుకు ఊరుకున్నాడు?" అని అడిగింది. టైము అయిపోతోందని "అది తర్వాత చెప్తాను, నాన్నా" అని ముందుకు వెళ్లిపోయాం. ఆ తర్వాత చెప్పనేలేదు. మరుసటి వారం ఆ పాప కెమెరా వెలగలేదు. ఆ పై వారం అసలు రాలేదు. ఆ కథలో ద్రౌపది చేసింది కూడా సభను ప్రశ్న అడగడమే. ధర్మరాజు ముందు తన్ను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని. పెద్దలెవ్వరూ సూటిగా జవాబు చెప్పలేదు. మేమూ ఆ సభలో పెద్దల్లాగే ప్రవర్తించామని ఆలస్యంగా అర్థమైంది.

అసలు మన పురాణాలన్నీ ఎవరో అడిగితే పుట్టినవే. నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడిగితే సూతుడు చెప్పాడు. పరీక్షిత్తు అడిగితే శుకుడు, జనమేజయుడు అడిగితే వైశంపాయనుడు చెప్పారు. మన బుర్రకథలోనూ అంతే. కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతులు కలుపుతారు. వాళ్లు మధ్యలో అడ్డుపడి అడుగుతూ ఉంటేనే జనం కదలకుండా కూర్చుంటారు.

అందుకే మేమూ వారానికి ఇద్దరు పిల్లల్ని వంతలుగా పెట్టాం. ఒకరి పని సందేహాలు అడగడం, ఇంకొకరి పని హాస్యం. వాళ్ల మైకులు తరగతి అంతా తెరిచే ఉంటాయి. మొదట అందరి చేతా ఒకేసారి "తందాన తాన" అనిపించబోయాం, కుదరలేదు. ఒక్కో ఇంటి నుంచి శబ్దం ఒక్కో ఆలస్యంతో వస్తుంది. పైగా ఒక గొంతు పెద్దదైతే మిగతావాటిని యాప్ తగ్గించేస్తుంది. అందుకని మిగతా పిల్లలు చేత్తో తాళం వేస్తారు, లేదా చాట్‌లో "ఊ" అని కొడతారు. తెలుగు అక్షరాలు రాని పిల్లలు ఆ ఒక్క అక్షరం కోసమైనా ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టించుకున్నారు.

కథను పన్నెండు నిమిషాల ముక్కలు చేశాం. ముసలి ఏనుగు కాలు పట్టుకోగానే ఆపేస్తాం. "ఇప్పుడు గజేంద్రుడు ఏం చేస్తాడు?" అని అడిగి, ఊహించి చెప్పమంటాం. జవాబు ఇంగ్లీషులో వచ్చినా ఆపం. అదే మాటను తెలుగులో మేము తిరిగి చెప్తాం, అంతే. కుచేలుడి కథ రోజు గుప్పెడు అటుకులు గుడ్డలో మూటకట్టి తెచ్చుకోమన్నాం. కృష్ణుడు మొదటి పిడికెడు నోట్లో వేసుకునే చోట అందరూ తిన్నారు. రెండో పిడికెడు దగ్గర రుక్మిణి ఆపిందని చెప్తే, అప్పటికే మూట ఖాళీ చేసిన ఒక బుడతడు లబోదిబోమన్నాడు. ఆ కథ వాడు ఇక మరిచిపోడు.

ప్రతి తరగతిలో చివరి పది నిమిషాలు ప్రశ్నలకే. జవాబు తెలియకపోతే "మాకూ తెలియదు, వచ్చే వారానికి చూసి వస్తాం" అని చెప్పి, రాసిపెట్టుకుని, తప్పకుండా చూసి వస్తున్నాం. భీష్ముడి మౌనం గురించి ఒక తరగతి మొత్తం మాట్లాడుకున్నాం. ఆ పాప ఇంటికి ఫోన్ చేసి మరీ పిలిచాం. వచ్చింది. కెమెరా మాత్రం సగం తరగతి అయ్యాకే వెలిగింది. కెమెరా తప్పనిసరి అనే నియమం అప్పటికే తీసేశాం.

తల్లిదండ్రులకు రెండు మనవులు. పక్కన కూర్చుని జవాబులు అందించకండి. తప్పు జవాబు పిల్లలు సొంతంగా చెప్పినా మాకు సంతోషమే. రాత్రి భోజనాల దగ్గర మాత్రం "తర్వాత ఏమైంది?" అని అడగండి. వాళ్లు చెప్తుంటే మీరు ఊ కొట్టండి.

తెర ఎంత చేసినా తెరే. దీపావళికి ముందు సౌత్ బ్రిడ్జ్ రోడ్ మారియమ్మన్ గుడిలో తీమితి జరుగుతుంది. భక్తులు సెరంగూన్ రోడ్ శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ఊరేగింపుగా నడిచి వచ్చి నిప్పుల గుండం దాటుతారు. అది ద్రౌపదమ్మ పేరిట జరిగే పండుగ, అందులో భారత కథా ఘట్టాలు ప్రదర్శిస్తారు. తరగతిలో ఆ కథ విన్న పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఎవరి కథో వాళ్లే మీకు చెప్తారు.

పీఎస్‌ఎల్‌ఈ ఏడాది రాగానే మానేసే పిల్లల్ని నిలుపుకోవడం మాకు ఇంకా చేతకాలేదు. మీకేమైనా ఉపాయం తోస్తే చెప్పండి. ఇంకొక్క మాట. మన ఉదయం పదిన్నర అంటే ఇండియాలో ఎనిమిది గంటలు, అమ్మమ్మలూ తాతయ్యలూ కాఫీ తాగి కూర్చునే వేళ. వాళ్లలో ఎవరైనా ఒక శనివారం ఒక కథ చెప్తామంటే మాకు కబురు పంపండి. ఊ కొట్టడానికి పిల్లలు సిద్ధంగా ఉన్నారు.