బిడ్డ చెప్పినప్పుడు ఇంట్లో ఏమంటారు?

పుట్టపర్తి: పొద్దు గుంకింది. మేకలు దొడ్డికి చేరాయి. వెనకాలే రావాల్సిన పిల్ల ఆలస్యంగా వచ్చింది. జుట్టు రేగి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా నీళ్ల తొట్టి దగ్గరికి పోయింది. తల్లికి ఏదో అనుమానం తగిలింది. "ఆ పొద్దులో ఒక్కదానివే యాల పోతివి?" అని గద్దించింది. ఏదో చెప్పబోయిన పిల్ల నోరు మూసుకుంది. నాలుగు నెలలు మళ్లీ తెరవలేదు.

ఇది ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో జరిగిందని చెప్పడం లేదు. పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు, నల్లమాడ, ఓబుళదేవరచెరువు - ఏ మండలంలో ఏ పల్లెలోనైనా జరగవచ్చు. వాన మొహం చాటేసిన ఏడు మగవాళ్లు బెంగళూరుకు కూలికి పోతారు. ఇంటి దగ్గర మిగిలేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. మేకలతో గుట్టకు, కట్టెలకు, వేరుశనగ చేలకు ఒంటరిగా పోక తప్పదు. అట్లాగని ప్రమాదమంతా గుట్టల్లోనే ఉందనుకుంటే పొరపాటు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చూస్తే, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, పని ఇచ్చేవాడు, పెళ్లాడతానని నమ్మించినవాడు. చెప్పడానికి ఆమె అంత జంకేది అందుకే. ఎవరి పేరు చెప్పాలో ఆ మనిషి రేపు పొద్దున ఇంటి ముందే నడిచిపోతాడు.

ఇక్కడ మాట్లాడదలచింది ఆ దుర్మార్గుడి గురించి కాదు. వాడి సంగతి చట్టం చూడాలి. ఇంట్లోవాళ్ల గురించి. ఆమె మొదట చెప్పేది తల్లికో, అక్కకో, భర్తకో. అప్పుడు వాళ్ల నోట వచ్చే మొదటి మాట మీద తర్వాతి ఏళ్లు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

"యాల పోతివి" అనే తల్లికి బిడ్డ మీద ప్రేమ లేక కాదు. గుండె జారిపోయి అలా అంటుంది. కానీ వినే పిల్లకు అది "తప్పు నీదే" అన్నట్లు వినిపిస్తుంది. అరవలేదెందుకు, పారిపోలేదెందుకు, నిన్ననే చెప్పలేదెందుకు అనేవి కూడా అలాంటి ప్రశ్నలే. మరి ఏమనాలి? "నువ్వు చెప్పింది నమ్ముతున్నా. తప్పు నీది కాదు. నేనుండా." ఆ పూటకు ఇంతకు మించి మాటలు అక్కర్లేదు. పక్కన కూర్చోవాలి. ఆమె ఎంత చెబితే అంత వినాలి. మిగతాది గుచ్చి గుచ్చి అడగకూడదు. చెయ్యి పట్టుకునే ముందు కూడా అడిగి పట్టుకోవడం మంచిది. ఆమె ఇష్టంతో పని లేకుండా ఒకడు ఆమెను తాకి ఇంకా గంటలే అయింది.

హైదరాబాద్‌లో 1996లో ప్రజ్వల సంస్థను నెలకొల్పిన సునీతా కృష్ణన్ పేరు పాఠకులు వినే ఉంటారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. పదిహేనేళ్ల వయసులో తన మీద ఎనిమిది మంది అత్యాచారం చేశారని ఆమె స్వయంగా వేదికల మీద చెప్పారు. ఆ ఘటన కన్నా తనను ఎక్కువగా మండించింది, ఆ తర్వాత రెండేళ్ల పాటు తనవాళ్లూ చుట్టుపక్కలవాళ్లూ తనను వెలివేసినట్లు చూడటమేనని ఆమె చెప్పిన తీరు ప్రతి తల్లీ తండ్రీ ఒకసారి ఆలోచించదగ్గది. ఎనిమిది మంది చేసిన దాని కన్నా ఎక్కువగా మనసులో నిలిచిపోయింది ఇంటా బయటా జరిగిన వెలి.

పోయింది ఎవరి మానం?

మన పత్రికలే చాలా ఏళ్లు "మానభంగం" అని రాశాయి. పల్లెల్లో "పిల్ల చెడిపోయింది" అంటారు. దొంగ ఇంట్లో పడి బియ్యం మూట ఎత్తుకుపోతే ఆ ఇల్లు చెడిపోయిందని ఎవరూ అనరు. దొంగతనం జరిగిందంటారు. ఇక్కడ మాత్రం చేసినవాడి మానం భద్రంగా ఉండి, ఆమె మానం భంగమైపోతుంది! మాటలోనే తీర్పు చెప్పేశాక ఇంట్లో ఎంత ఓదార్చినా ఏం లాభం?

అరవలేదేమని అడిగేవారికి ఒక సంగతి. రాత్రిపూట బుక్కపట్నం రోడ్డు మీద బండి నడిపినవారు చూసే ఉంటారు. లైట్ల వెలుతురు మీద పడగానే కుందేలు పరుగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. విపరీతమైన భయంలో మనిషి శరీరమూ అలాగే కొయ్యబారవచ్చు. గొంతు పెగలదు, కాళ్లు కదలవు. అది ఒప్పుకోవడం కాదు. జరిగినదంతా వరసగా చెప్పలేకపోవడం, ఒకసారి ఒకటి మరోసారి మరొకటి గుర్తుకు రావడం కూడా అబద్ధానికి గుర్తు కాదు.

మొదటి మూడు రోజులు

ఆ రాత్రే ఆస్పత్రికి పోవడం మంచిది. ఇందులో గడియారంతో పని ఉంది. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల లోపలే మొదలుపెట్టాలి. ఎంత తొందరైతే అంత మేలు. 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా 72 గంటల్లోగా వేసుకోవాలి. ఆలస్యమైతే 5 రోజుల దాకా కొంత పని చేస్తుంది. ఒకవేళ గర్భం నిలిచినా, 2021లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి పరిస్థితిలో 24 వారాల దాకా తీయించుకోవచ్చు. నాటు మందులకు పరుగెత్తి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతకకుండా పోవాలి. బట్టలను ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు పాడవుతాయి. కాగితంలో, ఉదాహరణకు మీ చేతిలో ఉన్న ఈ పేపరులోనైనా, చుట్టి తీసుకుపోండి. వేరే జత వెంట పెట్టుకోండి. ఆమె అప్పటికే స్నానం చేసి ఉంటే? అయినా పోవాల్సిందే. అన్నీ పోయాయని ఆమెను తిట్టవద్దు.

ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండల్లో ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ఏ ఆస్పత్రి అయినా అత్యాచార బాధితులకు వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. పోలీసు కాగితం తెమ్మని వెనక్కు పంపకూడదు. ఆమె ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి. రెండు వేళ్ల పరీక్ష అనే అవమానాన్ని సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. 2022 అక్టోబరు 31న ఇచ్చిన తీర్పులో, ఆ పరీక్ష చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని గట్టిగా చెప్పింది. వెంట వెళ్లే తల్లికో అక్కకో ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే చాలు, ఆమె తరఫున అడగగలుగుతారు.

పోలీసుల దగ్గరికి పోవాలా వద్దా అనేది, పెద్దవయసు స్త్రీ అయితే, ఆమె తేల్చుకోవాలి. మీరు తోడు పోవాలి గానీ ముందు నడవకూడదు. 18 ఏళ్లు నిండని పిల్ల గానీ పిల్లవాడు గానీ అయితే దారి వేరు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లవాడు అని ఊరికే అనలేదు. మగపిల్లల మీద కూడా ఇలాంటివి జరుగుతాయి. వాళ్లు ఇంకా తక్కువగా చెబుతారు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల కింద ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదు అనకూడదు. ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. దర్యాప్తులో ఆమె చెప్పేది ఇంటి దగ్గర గానీ, ఆమె కోరిన చోట గానీ, తల్లిదండ్రులో దగ్గరి చుట్టాలో పక్కన ఉండగా నమోదు చేయాలి. పోలీసులకు తెలిసిన 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాలి.

పెద్దమనుషులు, కొడవళ్లు

తెల్లవారేసరికి ఊరి పెద్దమనుషులు రచ్చబండ దగ్గరికి రమ్మని కబురు పెడతారు. ఇంత సొమ్ము తీసుకుని సర్దుకోండి అంటారు. లేదా, వాడికే ఇచ్చి పెళ్లి చేస్తే పోతుంది కదా అంటారు! పాడు చేసినవాడి చేతికే బిడ్డను జీవితాంతం అప్పగించడం ఎక్కడి న్యాయమో వాళ్లే చెప్పాలి. 2015 జులైలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, అత్యాచారం కేసులో రాజీ అనే ఆలోచనే కుదరదని తేల్చింది. తండ్రి ఆ రచ్చకు పోకపోయినా పరువు తక్కువేమీ లేదు.

అన్నదమ్ముల సంగతి మరొకటి. మన సీమలో రక్తం తొందరగా మరుగుతుంది. కొడవలి తీసుకుని పోదామంటారు. వాడికేదైనా అయితే అన్న జైలుకు పోతాడు. "నా వల్లే ఇట్లాయె" అనే బరువు కూడా చెల్లెలి మీదే పడుతుంది. అప్పటికే ఉన్నది చాలదా? ఆవేశం ఉన్న తమ్ముడికి వేరే పని చెప్పాలి. ఆస్పత్రికి బండి మాట్లాడటం, కాగితాలకు నకళ్లు తీయించడం, ఊళ్లో ఫోన్ల గుంపుల్లో ఆమె పేరు తిప్పేవాడిని ఆపడం. ఆమె పేరు గానీ, ఆనవాళ్లు గానీ బయటపెట్టి ప్రచురించడం రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

ఇక భర్త. ఇది రాయడానికీ ఇబ్బందే, కానీ రాయక తప్పదు. భార్య కొన్నాళ్లు దగ్గరికి రానివ్వకపోవచ్చు. దీపం ఆర్పనివ్వకపోవచ్చు. తలుపు గడియ మూడుసార్లు చూసుకోవచ్చు. అది మీ మీద కోపం కాదు. మంచం వేరుగా వేసుకోమంటే వేసుకోండి. ఎన్నాళ్లని అడగకండి.

1978 మార్చి చివరలో హైదరాబాద్ నల్లకుంటలో ఒక భర్త ఏం చేశాడో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రిక్షా తొక్కుకుని బతికేవాడు. రాత్రి సినిమా చూసి వస్తున్న భార్యను పోలీసులు స్టేషన్‌లో పెట్టి చెరిచారు. అడగడానికి పోయిన అతన్ని కొట్టారు, చనిపోయాడు. నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆమె నడవడి మంచిది కాదని నిరూపించడానికి విచారణలో చేయని ప్రయత్నం లేదు. ఆ రోజుల్లో ఆమె పేరు ఊరూరా అచ్చయింది. ఇప్పుడు ఇక్కడ రాయడం లేదు. ఆ కేసు మీద, మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలిక కేసు మీద దేశమంతా లేచిన ఆందోళన ఫలితంగానే 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు ప్రచురించరాదన్న నియమం అప్పుడే వచ్చింది.

విశాఖ మన్యంలోని వాకపల్లి కథ ఇంకా పొడవు. 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వాలు మారాయి, కేసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు పోయింది. విచారణ మొదలైంది 2018లో. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చేయలేదని అధికారులను తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. తీర్పు నాటికి వారిలో ఇద్దరు బతికి లేరు. పదిహేనేళ్లకు పైగా ఆ ఆడవాళ్లు చెప్పిన మాట మీదే నిలబడ్డారు. ఒకరికొకరు లేకపోతే అది సాధ్యమయ్యేదా?

కేసు పెట్టిన ప్రతి ఇల్లూ ఇంత కాలం తిరగాలని కాదు. కానీ వాయిదాలు తప్పవు. విత్తనం వేసే రోజునే సమన్లు రావచ్చు. పుట్టపర్తి నుంచి అనంతపురం సుమారు 80 కిలోమీటర్లు. ఆమెతో బస్సెక్కేది ఎవరు, ఆ పూట మేకలు తోలేది ఎవరు, చిన్నపిల్లలకు అన్నం పెట్టేది ఎవరు అన్నది ముందే వంతులు వేసుకోవాలి. మొదటి వారం ఇల్లంతా జనమే. ఆరో నెలలో ఎవరూ ఉండరు. ఆమెకు నిద్ర పట్టనిది, అన్నం సయించనిది అప్పుడే కావచ్చు. చదువుకునే పిల్లను బడి మాన్పించవద్దు. తొందరపడి సంబంధాలు చూడవద్దు. చావు మాట ఎత్తితే తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రాత్రి ఒంటరిగా వదలవద్దు. తోడు ఉండేవాళ్లకూ అలసట వస్తుంది. తల్లి ఏడవడానికి కూడా ఒక మనిషి కావాలి. ఆ మనిషి మాత్రం కూతురు కాకూడదు.

పరిహారానికి శిక్ష పడేదాకా ఆగనక్కరలేదు. జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2018లో రూపొందించిన పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల దాకా ఉంది. అనంతపురంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. వకీలును కూడా వారే ఉచితంగా ఇస్తారు.

ఈ నంబర్లు ఇంట్లో క్యాలెండరు వెనుక రాసి పెట్టుకోండి. ఆడవాళ్ల సహాయానికి 181. పోలీసులు వెంటనే కావాలంటే 112. పిల్లల విషయమైతే 1098. ఉచిత న్యాయ సలహాకు 15100. మనసు బాగోలేనప్పుడు, ఆమెకైనా తల్లికైనా, తెలుగులోనే మాట్లాడటానికి 14416.