షట్‌డౌన్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

‘షట్‌డౌన్ నొక్కాక కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో చెప్పండి.’ ఇంటర్వ్యూలో ఇలా అడిగితే మీ జవాబేంటి? బూటింగ్ ప్రాసెస్‌ను చాలామంది బట్టీ పట్టి వెళ్తారు. షట్‌డౌన్ దగ్గరికొచ్చేసరికి ‘సిస్టమ్ ఆగిపోతుంది సార్’ అని ఊరుకుంటారు. నిజానికి ప్రాసెస్‌లు, సిగ్నళ్లు, మెమరీ, ఫైల్ సిస్టమ్ అన్నీ ఈ ఒక్క జవాబులోనే ఉన్నాయి. పైగా గాలిదుమారం లేస్తే కరెంటు ఉంటుందో పోతుందో తెలియని కనిగిరి లాంటి ఊళ్లో, ఇది మీ ప్రాజెక్టు ఫైళ్లను కాపాడే సంగతి కూడా.

ముందు మర్యాద.. తర్వాతే బలవంతం

మీరు సేవ్ నొక్కిన ప్రతిదీ వెంటనే డిస్కులోకి చేరదు. డిస్కు నెమ్మది కాబట్టి ఓఎస్ దాన్ని కాసేపు ర్యామ్‌లో ఉంచి, వీలు చూసుకుని రాస్తుంది. ఈలోపు కరెంటు పోతే అది పోయినట్టే. అందుకే ఆపడానికీ ఒక వరస ఉంది. లైనక్స్‌లో చూద్దాం.

* సిస్టమ్‌డీ ప్రతి సర్వీసుకూ సిగ్‌టర్మ్ పంపుతుంది. దీని నంబరు 15. ‘పని ముగించుకో’ అని అర్థం.
* మామూలుగా 90 సెకన్లు చూస్తుంది. అప్పటికీ కదలకపోతే నంబరు 9, అంటే సిగ్‌కిల్. దీన్ని ఏ ప్రోగ్రామూ కాదనలేదు.
* ర్యామ్‌లో మిగిలిన డేటాను డిస్కులో రాసి, ఫైల్ సిస్టమ్‌లను అన్‌మౌంట్ చేస్తుంది.
* చివరగా కెర్నల్ ఏసీపీఐ ద్వారా పవర్ ఆపేస్తుంది. ఈ ప్రమాణం 1996లో వచ్చింది. విండోస్ 95 రోజుల్లో చాలా కంప్యూటర్లకు, ‘ఇక ఆపుకోవచ్చు’ అని తెరమీద వచ్చాక మనమే స్విచ్ నొక్కాల్సి వచ్చేది.

పవర్ బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఈ మెట్లేవీ ఉండవు. ఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లు మార్పులను ముందుగా జర్నల్‌లో రాసుకుంటాయి కాబట్టి ఫైల్ సిస్టమ్ చాలావరకు నిలబడుతుంది. కానీ మీరు సేవ్ చేయని రిపోర్టును అవి తెచ్చివ్వలేవు.

విండోస్‌లో చిన్న మెలిక

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. ఇది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా కెర్నల్ పూర్తిగా మూతపడదు. దాని స్థితి డిస్కులో దాచి ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది. డ్రైవర్ మొరాయిస్తే ‘రీస్టార్ట్ చెయ్’ అనేది ఇందుకే.

ఉద్యోగంలో ఎక్కడ పనికొస్తుంది?

సర్వర్ మీద కొత్త వెర్షన్ పెట్టినప్పుడల్లా పాతదాన్ని ఆపాలి. డాకర్ మామూలుగా 10 సెకన్లు, కుబర్నెటిస్ 30 సెకన్లు గడువిచ్చి, ఆ తర్వాత సిగ్‌కిల్ పంపుతాయి. మీ కోడ్ సిగ్‌టర్మ్‌ను పట్టించుకోకపోతే, మధ్యలో ఉన్న కస్టమర్ పేమెంట్ అక్కడే తెగిపోవచ్చు.

ఈరోజే చూడండి

విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో 6006, 6008 నంబర్లు వెతకండి. మొదటిది సిస్టమ్ సరిగ్గా ఆగినప్పుడు, రెండోది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు పడుతుంది. ఇంట్లో యూపీఎస్ ఉంటే, కరెంటు పోగానే అన్నీ సేవ్ చేసి షట్‌డౌన్ చేయండి. అది ఇచ్చే ఆ కాసిన్ని నిమిషాలు అందుకే. ఒంగోలుకో హైదరాబాద్‌కో ఇంటర్వ్యూకు వెళ్లేలోపు ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసి, సిగ్‌టర్మ్ వచ్చినప్పుడు ఫైలు మూసి బయటికొచ్చేలా చేయండి. ‘చదివాను’ అనేదానికన్నా ‘చేసి చూశాను’ అనే జవాబుకే బరువెక్కువ.